పన్నెండు దాటాక

శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఈ సంగతి మధుమితకు తెలియక కాదు. కోయంబత్తూరులో వాళ్ళింట్లోనూ రోజుకొక కాగితం చింపే క్యాలెండరు వేలాడుతుంది. ఆ గంటన్నర గడిచాకనే వాళ్ళమ్మ కొత్త బియ్యపు మూటైనా విప్పుతుంది. కానీ బస్సులకు ఆ పట్టింపు లేదు. వత్తలగుండులో ఎక్కిన బస్సు ఆమెను పెరియకుళంలో దించేసరికి పది నలభై అయింది. భుజాన లాప్‌టాప్ సంచీ, చేతిలో పన్నెండు కిలోల మీటరు పెట్టె. ఎముకల ఆసుపత్రి మెట్లెక్కుతుండగానే టోకెన్ల బల్ల వెనక నుంచి లక్ష్మియమ్మాళ్ చెయ్యెత్తి ఆపేసింది.

"వచ్చినావా పాప్పా? కూర్చో. పన్నెండు దాటినాక పెట్టె తెరువు."

లక్ష్మియమ్మాళ్ డాక్టరుగారి తల్లి. డెబ్భై ఆరేళ్ళు. మధుమిత వాళ్ళలాగే వీళ్ళదీ తమిళనాట స్థిరపడ్డ తెలుగు ఇల్లు. ఆసుపత్రి కట్టింది ఆమె భర్త, నడుపుతున్నది కొడుకు నందకుమార్, ఎప్పుడు ఏది మొదలవ్వాలో చెప్పేది మాత్రం ఆవిడ.

"లోపల పేషంట్లకి తీస్తానే ఉండారే అవ్వా?" అంది మధుమిత, ఎక్స్‌రే గది తలుపు మీద వెలుగుతున్న ఎర్రలైటు చూపిస్తూ.

"కాలు విరిగేవాడు నేరం, కాలం చూసుకోని విరగ్గొట్టుకుంటాడా? అది వేరే. నువ్వు చేసేది పరీక్ష. పరీక్షని రాగుకాలంలో మొదలుపెట్టకూడదు. పోయిన తడవా ఇట్లనే కద కూర్చున్నావు?"

నిజమే. రెండేళ్ళ కిందట కూడా శుక్రవారమే వచ్చింది, ఇలాగే కూర్చుంది. ఎక్స్‌రే మిషన్లకు రెండేళ్ళకోసారి పరీక్ష చేయించి కాగితం పెట్టుకోవాలి. ఆ పరీక్షలు చేసే కోయంబత్తూరు కంపెనీలో మధుమిత పనిచేస్తుంది. కంపెనీకి ఉన్న మంచి మీటరు ఒక్కటే. అది సోమవారం పళని వైపు, మంగళవారం ఉడుమలై వైపు అంటూ ఊళ్ళు తిరుగుతుంది, శుక్రవారానికి ఈ వైపు వస్తుంది. మీటరు ఎటు పోతే మధుమిత అటు పోవాలి.

బెంచీ మీద చోటు లేదు. తైపూసం పండక్కి పళనికి నడిచిపోయే భక్తులు పచ్చ పంచెలు, పచ్చ చీరలు కట్టుకుని వాచిన కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ జరిగి జాగా ఇచ్చింది. కిటికీ అవతల మామిడితోపు. అక్కడ మోటరు పంపు నీళ్ళు తొట్టిలోకి దబదబా పడుతున్నాయి. ఆ చప్పుడుకు టోకెను నంబరు ఎవరికీ సరిగ్గా వినపడక లక్ష్మియమ్మాళ్ రెండేసిసార్లు అరుస్తోంది.

ఎక్స్‌రే గదిలోంచి సుందరమూర్తి వచ్చాడు. యాభై ఏడేళ్ళ మనిషి, ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆసుపత్రి ఎక్స్‌రే టెక్నీషియను. మధుమితను చూసి తల పంకించి, లోపలికి పోయి కాఫీ తెచ్చాడు. చిన్న గిన్నెలో నిలబెట్టిన గ్లాసును అంచుదాకా నింపాడు. దాన్నే చూస్తూ, అడుగులో అడుగు వేస్తూ, ఆ పదిహేను అడుగుల వరండా దాటడానికి అరనిమిషం తీసుకున్నాడు. గిన్నెతో సహా గ్లాసును బెంచీ చివర దించి, గిన్నెలోకి తొంగిచూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. చుక్క ఒలకలేదు.

"యాల మామా ఇంత నిండుగా?" అంది మధుమిత నవ్వుతూ.

"ఊరికే అమ్మా," అన్నాడాయన. ఆయన నవ్వలేదు.

జాగా ఇచ్చిన భక్తురాలి పేరు కరుప్పాయి. చీలమండ బత్తాయిపండంత వాచింది. ఆమె లోపలికి పోయింది, బయటికి వచ్చింది, అయిదు నిమిషాల్లో ఆమెను మళ్ళీ పిలిచారు. వెనకనే డాక్టరు నందకుమార్ తన గదిలోంచి బయటికొచ్చాడు. నలభై దాటిన మనిషి, కంగారు లేని మొహం, కానీ ఆ రోజు ఆ మొహం ఎర్రగా ఉంది.

"మిస్టర్ సుందరమూర్తి, ఇదేమి ఎక్స్‌రే పడం? రవ చల్లినట్టుండాది. ఇందులో ఎముక ఏది, సందు ఏది? ఈరోజుకి ఇది ఎన్నో రీటేకు?"

"మూడోది డాక్టర్."

"ఈమెకి ఎందుకు రెండు తడవలు రేడియేషన్ పడాల? మీ చెయ్యి కుదురుగా లేనందుకా?"

బెంచీ మీద కూర్చున్న పన్నెండుమందీ విన్నారు. సుందరమూర్తి కరుప్పాయి భుజం పట్టి మెల్లగా లోపలికి తీసుకుపోయాడు. మధుమితకు చివుక్కుమంది. రెండేళ్ళ కిందట ఈ డాక్టరే ఆయన్ను 'సుందరన్నా' అని పిలవడం ఆమెకు బాగా గుర్తు. చిన్నప్పుడు ఆయన సైకిలు మీదే స్కూలుకు పోయేవాణ్ణని కూడా చెప్పాడు.

పన్నెండయింది. తోపులో నీళ్ళ చప్పుడు ఆగిపోయి, వరండా ఒక్కసారిగా పెద్దదైనట్టు తోచింది. లక్ష్మియమ్మాళ్ గడియారం వైపు చూసి ఇంకో అయిదు నిమిషాలు ఎందుకైనా మంచిదని ఆగి, "కానీ," అంది.

పరీక్ష అనేది చూసేవాళ్ళకు విసుగు పుట్టించే పని. బల్ల మీద అరచేయంత డిటెక్టరు పెట్టాలి. పైనున్న గొట్టం నుంచి దానికి సరిగ్గా నూరు సెంటీమీటర్లు టేపుతో కొలవాలి. గొట్టం కింది దీపపు వెలుగులో కనిపించే కూడిక గుర్తు డిటెక్టరు నడిమధ్యన పడాలి. ఆ తరవాత సీసపు అద్దం వెనక్కి పోయి, ఒకే కొలత పెట్టి, దేన్నీ కదపకుండా, నిమిషానికొకటి చొప్పున అయిదుసార్లు మీట నొక్కాలి. అయిదుసార్లూ మిషను ఒకే మోతాదు కిరణాలు ఇవ్వాలి. ఇస్తుందా లేదా అనేదే పరీక్ష. అయిదు అంకెల మధ్య తేడాను లెక్కకట్టి ఒక్క అంకెగా తేలుస్తారు. అది 0.05 దాటకూడదు.

1.01. 1.02. 1.01. 1.00. 1.01.

"పాయింట్ సున్నా సున్నా ఏడు," అంది మధుమిత. తన లెక్కలో ఇంత ముద్దొచ్చే అంకె చూసి నెల దాటింది. ఆ సంతోషం గొంతులో దాచుకోలేకపోయింది. "కొత్త మిషన్లకి కూడా ఇంత బాగా రాదు సార్."

నందకుమార్ తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. గోడమీద చట్రం కట్టించిన రెండేళ్ళ కిందటి రిపోర్టు వైపు చూశాడు. దాని కింద మధుమిత సంతకమే ఉంది. అందులో అంకె 0.009.

"చూస్తిరి కద మిస్టర్ సుందరమూర్తి. మిషన్ మారలేదు. మారింది మీ చెయ్యి." ఈసారి అతని గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "మూడు నెలల్లో నలభై పైన రీటేకులు. నేను మిమ్మల్ని చూసి జాలిపడితే ఆ పేషంట్లకి ఎవరు జాలిపడేది? మీరు కూతురి కాన్పుకని పోయినారే, ఆ పది రోజులు మీ బదులుకి ఆ కుర్రవాడు శబరి వచ్చి తీసినాడు, ఒక్క రీటేకు లేదు. మా అమ్మ మోకాలు తీసినాడు, చూడండి మేడం, ఎంత అందంగా ఉండాదో." ఫోనులో పడం చూపించాడు. నిజంగానే అందంగా ఉంది. "నేను చెప్పిందే మాట. నెలాఖరు శనివారంతో చాలించుకోండి. ఒకటో తేదీ నుంచి శబరి వస్తాడు."

అతను వెళ్ళిపోయాడు. మధుమిత లాప్‌టాప్ మూయడం మరిచిపోయి నిలబడిపోయింది. ఇంతసేపూ తను కొలిచింది మిషనునే అనుకుంది. తీరా చూస్తే మనిషిని కొలిచి, పనికిరాడని రాసిచ్చినట్టయింది.

సుందరమూర్తి డిటెక్టరు తీగను మడతలు పడకుండా చుట్టి, పెట్టెలో దాని గూట్లో ఉంచాడు. టేపును చుట్టి రబ్బరుబ్యాండు వేశాడు. "మంచి అంకె వచ్చింది అమ్మా. మిషన్ని చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నా," అన్నాడు.

"మామా, మీకి ఎందుకు రీటేకులు వస్తా ఉండాయి?"

ఆయన సీసపు గౌనులు తగిలించే కొక్కెం వెనక నుంచి ఒక కట్ట తీశాడు. లక్ష్మియమ్మాళ్ రోజూ పొద్దున చింపే క్యాలెండరు కాగితాలు, మూలకు దారం గుచ్చి కట్టినవి. వెనకవైపు పెన్సిలుతో రాసిన సన్నటి అక్షరాలు. ఏ గంటకు, ఏ ఎముక, ఎందుకు మళ్ళీ తీయాల్సివచ్చింది.

"చెడిపోయిన ప్రతి పడానికీ రాసిపెట్టినా. చూడు."

చూసింది. తొమ్మిదీ ఇరవై, మణికట్టు. పదకొండూ పది, నడుము. పదీ అయిదు, భుజం. కాగితం తరవాత కాగితం తిప్పింది. పన్నెండు దాటిన తరవాత ఒక్కటీ లేదు.

"తొమ్మిదికి తోపుల మోటర్లకి త్రీఫేజు కరెంటు ఇస్తారు," అన్నాడు సుందరమూర్తి. "ఈ వెనకాల ఉండేవన్నీ ఒక్కసారిగా లాగుతాయి. పన్నెండుకి ఆపుతారు. ఆ మూడు గంటలూ మిషన్ గొంతు వేరేగా ఉంటుంది, నాకి వినిపిస్తుంది. డాక్టరుకి చెప్పినా. స్టెబిలైజరు ఉండాది, పచ్చలైటు వెలుగుతా ఉండాది, మీటరు పట్టుకోని వచ్చినవాళ్ళు పాస్ అని రాసిచ్చినారు, ఇంకేమి అన్నాడు."

మీటరు పట్టుకుని వచ్చినవాళ్ళు. ఆ మాట ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు. అందుకే మధుమితకు ఇంకా గట్టిగా తగిలింది.

"ఇంకొకటి చెప్తా, ఎవరితోనూ అనొద్దు," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "నాకే సందేహం పట్టుకుండాది. తెల్లారి లేస్తూనే సొంబు నిండా నీళ్ళు పట్టుకోని చూస్తా, ఒలుకుతుందా అని. ఈడ కాఫీ తెచ్చేటప్పుడూ అంతే. ఇంతమంది చెప్తే నిజమేమో అనిపిస్తుంది కద. పని పోతే పోయింది అమ్మా, అల్లుడి అంగడిలో కూర్చుంటా. చెయ్యి పోయినవాడు అనే పేరుతో పోతానే అని ఉండాది."

మధుమిత ఆ కాగితాలన్నిటికీ ఫోనులో ఫొటోలు తీసుకుంది. రిపోర్టు పంపే బటను ఆ రోజు నొక్కలేదు.

శనివారం కోయంబత్తూరు ఆఫీసులో సత్యరాజ్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. కంపెనీ అతనిదే. చెడ్డవాడు కాదు, తొందరమనిషి.

"పాస్ అయిన మిషన్ని మళ్ళీ పరీక్ష చేస్తానంటావే అమ్మిణీ! ఫెయిలైనవాళ్ళే వద్దు వద్దంటారు."

"మనం కొలిచింది నిజమే సార్. కానీ కొలిచిన టైము తప్పు. రెండు తడవలూ మోటర్లు ఆగినాక కొలిచినా."

"ఫారంలో టైము రాసే గడి ఉందా? లేదు. లేనిదాని గురించి మనకి ఎందుకు?"

మధుమిత ఫోను తీసి ఫొటోలు ఒక్కొక్కటే చూపించింది. సత్యరాజ్ మొదట నిలబడే చూశాడు, తరవాత కుర్చీ లాక్కున్నాడు. అతనూ మిషన్లతో బతికినవాడే. నలభై మూడు రీటేకులూ తొమ్మిదికీ పన్నెండుకూ మధ్యనే పడ్డాయంటే దానికి చెయ్యి వణుకు కారణం కాదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వణికే చెయ్యి మధ్యాహ్నం భోజనానికి ముందే వణికి, తరవాత మానుకోదు కదా.

"వేరే రోజు మీటరు ఇవ్వలేను," అన్నాడు చివరికి. "పళని, ఉడుమలై, అవినాశి అన్నీ మాట ఇచ్చినవి. వచ్చే శుక్రవారం ఎట్లాగూ ఆ వైపు పోతావు. వేకువ బస్సుకు పో. మధ్యాహ్నం ఒంటిగంటకి తేనిలో ఉండాల."

వచ్చే శుక్రవారం. ఆ మర్నాటి శనివారమే సుందరమూర్తికి ఆఖరి రోజు. మధుమిత వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిదికి మోటర్లు మొదలు, పదిన్నరకు రాహుకాలం మొదలు. మధ్యలో గంటన్నర ఉంది. చాలు అనుకుంది. సోమవారం పళనిలో పని చేస్తున్నా, బుధవారం అవినాశిలో చేస్తున్నా ఆమెకు ఆ గంటన్నరే కళ్ళ ముందు ఉంది. వెళ్ళిన ప్రతి చోటా రిపోర్టు అంచున, ఎవరూ అడక్కుండానే, కొలిచిన సమయం రాసుకుంటూ వచ్చింది. డాక్టరు నందకుమార్‌కు ఫోను చేసి, ఒక కొలత మళ్ళీ తీసుకోవాలి సార్ అని మాత్రం చెప్పింది. అతను రమ్మన్నాడు.

శుక్రవారం ఎనిమిదిన్నరకే ఆసుపత్రిలో ఉంది. ఉన్నా లాభం లేకపోయింది. తైపూసం ఆదివారం. నడిచేవాళ్ళంతా ఆఖరి మజిలీలకు వచ్చేశారు, వరండా దాటి మెట్ల దాకా పచ్చబట్టలే. పేషంట్లు అయ్యాక చూసుకోండి మేడం అన్నాడు డాక్టరు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తొమ్మిదయింది. కిటికీ అవతల నీళ్ళు దబదబా పడటం మొదలయింది. తొమ్మిదిన్నర అయింది. సుందరమూర్తి ఒక్కొక్క పాదాన్నీ ఎక్స్‌రే పలక మీద ఆనించి, గొట్టం దించి, దీపం వేసి, అద్దం వెనక్కి పోయి, మీట నొక్కడానికి ముందు ఒక క్షణం చెవి ఒగ్గి నిలబడుతున్నాడు. మిషను గొంతు సరిగ్గా ఉందనిపించినప్పుడే నొక్కుతున్నాడు. ఆ ఒక్క క్షణం ఆగడాన్నే కదా డాక్టరు ఇన్నాళ్ళూ తడబాటు అనుకున్నది అని మధుమితకు అప్పుడు తట్టింది. అంత జాగ్రత్తలోనూ రెండు పడాలు రవ చల్లినట్టే వచ్చాయి.

గది ఖాళీ అయ్యేసరికి పదీ ఇరవై రెండు. మధుమిత పెట్టె ఎత్తుకుని ఒక్క పరుగున వచ్చింది. డాక్టరు గడియారం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంక లాభం లేదు మేడం. మీరు పరిచి పెట్టుకునేసరికి పదిన్నర అవుతుంది. అమ్మ ఒప్పుకోదు. ఎప్పటిలాగ పన్నెండు దాటినాక చేసుకోండి."

మధుమిత ఇంతదూరం వచ్చింది పన్నెండు దాటకముందు కొలవడానికి. పన్నెండు దాటితే మళ్ళీ అదే ముద్దొచ్చే అంకె, మళ్ళీ అదే పాస్, రేపటితో ఈయన ఇంటికి. ఆమె వెనక్కి తిరిగి లక్ష్మియమ్మాళ్ ముందుకు పోయి నిలబడింది.

"అవ్వా, ఈ ఒక్క తడవ..."

లక్ష్మియమ్మాళ్ ఆమె మాట పూర్తి కానివ్వలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని గోడ గడియారాన్ని చూసింది, మోకాలు పట్టుకుని లేచింది.

"ఎనిమిది నిమిషాలు ఉండాది కద. ఏడుపు మొహం యాల? రాగుకాలంలో మొదలుపెట్టకూడదు అన్నా. మొదలుపెట్టినదాన్ని ఆపమని ఎప్పుడైనా అన్నానా? ఈ ఆసుపత్రికి గోడ లేపేటప్పుడు మేస్త్రీ రాగుకాలానికి ముందర ఒక్క రాయి పెట్టినాడు, సాయంత్రం దాకా ఆపకుండా కట్టినాడు. గోడ నిలబడే ఉండాది. సుందరం, పాప్పాకి సాయం చెయ్యి, సీక్రం!"

ఎనిమిది నిమిషాల్లో అయ్యే పని కాదు అది. మామూలుగా పావుగంట పడుతుంది. మధుమిత టేపు తీసింది, అది చేతిలోంచి జారింది. మళ్ళీ తీసి కొలవబోతే సెంటీమీటర్ల గీతలు కళ్ళ ముందు అదురుతున్నాయి. అదిరేది గీతలు కాదు, ఆమె చెయ్యి. సుందరమూర్తి టేపు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఒక్కసారి లాగాడు, నూరు. గొట్టాన్ని వేలితో తోశాడు, కూడిక గుర్తు డిటెక్టరు నడిబొడ్డున పడింది. సరిచూడటానికి ఆమె వంగింది. వెంట్రుకవాసి తేడా లేదు.

పదీ ఇరవై ఎనిమిదికి ఇద్దరూ అద్దం వెనక ఉన్నారు. డాక్టరు తలుపు దగ్గర. అతని వెనక లక్ష్మియమ్మాళ్.

"నువ్వు నొక్కమ్మా," అన్నాడు సుందరమూర్తి. "నేను నొక్కితే నా చెయ్యి అంటారు."

మధుమిత నొక్కింది. 1.01.

డాక్టరు గోడమీది రిపోర్టు వైపు చూశాడు. పోయిన శుక్రవారం వచ్చిన అంకే. మధుమిత సుందరమూర్తి వైపు చూడలేకపోయింది. నిమిషం ఆగాలి కాబట్టి ఆగింది. తోపులో ఎక్కడో ఇంకో మోటరు అందుకుంది.

0.78.

ఆమె ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. దేన్నీ కదపలేదు. మళ్ళీ నిమిషం ఆగింది. 0.66. డాక్టరు తలుపు వదిలి లోపలికి వచ్చాడు. 0.97. "ఏమి మార్చినారు?" అన్నాడు. "ఏమీ మార్చలేదు సార్, మీరే చూస్తా ఉండారు కద," అంది మధుమిత. అయిదోసారి అతను తెర మీద నుంచి చూపు తిప్పలేదు. 0.58.

లెక్క కట్టింది. 0.235. దాటకూడనిది 0.05.

సుందరమూర్తి ముందుగా కదిలి, డాక్టరును వరండా చివరికి తీసుకుపోయాడు. అక్కడ కరెంటు హెచ్చుతగ్గులను సరిచేసి మిషనుకు పంపే స్టెబిలైజరు ఉంది, బీరువాలో సగం ఉంటుంది. పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది. దాని పక్కనున్న ముల్లును ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు. రెండొందల ముప్ఫై వోల్టుల దగ్గర నిలవాల్సిన ముల్లు రెండొందల దగ్గర ఇరుక్కుని, కాసేపటికి గబుక్కున పైకి లేచి, మళ్ళీ జారింది. నందకుమార్ చేతులు కట్టుకుని ఆ ముల్లునే చూస్తూ మూడు నిమిషాలు నిలబడ్డాడు.

"లోపల కార్బన్ బ్రష్షు అరిగిపోయి ఉంటుంది సార్," అంది మధుమిత. "చిన్న ముక్క. మనిషి వచ్చి మారిస్తే అరపూట పని."

"మరి శబరి?" అన్నాడతను చటుక్కున తిరిగి. "వాడూ ఈ మిషన్లోనే కద తీసినాడు? ఈ పొద్దుటి నేరంలోనే తీసినాడు. వాడికి ఒక్కటి కూడా ఎందుకు చెడలేదు?"

సుందరమూర్తి తల వంచుకున్నాడు. మధుమిత డాక్టరు ఫోను అడిగి తీసుకుని మోకాలి పడాన్ని పెద్దది చేసింది. మూలన చిన్న అంకెల్లో తీసినప్పుడు పెట్టిన కిరణాల కొలత ఉంది. మోకాలికి సుందరమూర్తి పెట్టే కొలతకు అది సరిగ్గా రెట్టింపు.

"కిరణాలు తక్కువైతే రవ వస్తుంది సార్. ఎక్కువైతే పడం ఇంకా అందంగా వస్తుంది. కంప్యూటరు సర్దేస్తుంది, మనకి తెలీదు. మిషన్ ఎట్లాగూ తక్కువ ఇస్తుందని ముందే రెండింతలు పెట్టి కొట్టినాడు. అందరికీ."

"మీకి తెలుసా?" అన్నాడు నందకుమార్, సుందరమూర్తితో.

"వాడికి చెప్పినా, తగ్గించుకో తంబీ అని. మీకి చెప్తే, పోయేవాడు వచ్చేవాడి మీద కొండెం చెప్పినట్టు ఉంటుంది. నేనూ అట్లనే ఎక్కువ పెట్టి కొడితే మీ దగ్గర ఒక్క మాట పడకపోదును. మనసొప్పలేదు."

డాక్టరు తల్లి వైపు చూశాడు. లక్ష్మియమ్మాళ్ తన మోకాలిని ఒకసారి తడుముకుని, "నాకి ఏమీ తెలీలేదురా, సుఖంగానే ఉండింది," అంది. ఎవరికీ నవ్వు ఆగలేదు, ఒక్క నందకుమార్‌కు తప్ప.

అతను వరండాలోకి నడిచాడు. పోయిన శుక్రవారం ఎక్కడ నిలబడి అరిచాడో అక్కడే నిలబడ్డాడు. బెంచీల మీద అప్పటికే కొత్తగా వచ్చిన పచ్చబట్టలవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. వాళ్ళకు అర్థమయ్యేలా తమిళంలో చెప్పాడు, మిషను సరిగ్గా లేదు, బాగుచేసేదాకా పన్నెండులోపు తీయం, ఆగలేనివాళ్ళకు పక్క ఆసుపత్రికి చీటీ రాసిస్తానని. ఆ తరవాత, "తప్పు మిషన్‌ది. తీసేవారిది కాదు. ఆయన చెయ్యి బాగానే ఉంది, నేనే తప్పుగా చెప్పాను," అన్నాడు. కాళ్ళ నొప్పుల మధ్య వాళ్ళకు ఇందులో సగం ఎందుకో తెలియలేదు. అయినా ఒక పెద్దాయన సరి సరి అని తల ఊపాడు.

తిరిగొచ్చి సుందరమూర్తి ముందు నిలబడ్డాడు. ఆయన వేసుకున్న సీసపు గౌను అంచు సర్దాడు.

"సుందరన్నా, శబరికి నేను ఫోను చేస్తా. రావద్దని కాదు, వచ్చి మీ దగ్గర ఆరు నెలలు నేర్చుకోమని. ఒప్పుకుంటారా?"

"కొలత నేను చెప్పినదే పెట్టాల," అన్నాడు సుందరమూర్తి.

"మీరు చెప్పినదే."

మధుమిత అక్కడే రిపోర్టు రాసింది. ఫెయిల్ అని రాస్తూ ఇంత హాయిగా ఎప్పుడూ ఉండలేదు. సమయానికి గడి లేదు కాబట్టి అడుగున ఖాళీలో రాసింది: పరీక్ష ఉదయం 10.28 నుంచి 10.33 వరకు, తోటల మోటర్లు నడుస్తుండగా. ఇదే మిషనుకు నేను ఇంతకుముందు చేసిన రెండు పరీక్షలూ పన్నెండు దాటాక, మోటర్లు ఆగాక చేసినవి. కింద సంతకం పెట్టింది. సత్యరాజ్ అరుస్తాడు, అరవనీ అనుకుంది. స్టెబిలైజరు బాగయ్యాక మళ్ళీ వచ్చి కొలవాలి. ఆ మాట చెబితే లక్ష్మియమ్మాళ్ క్యాలెండరు తిరగేసి, "ఈ తడవ గురువారం రా పాప్పా, పొద్దున అంతా నల్ల నేరం, మంచి గడియలు," అంది. మీటరు శుక్రవారమే వస్తుంది అవ్వా అంటే, "అయితే వేకువనే రా, రాయి పెట్టేసి పో," అంది.

తేని బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. సుందరమూర్తి కాఫీ తెచ్చాడు. వస్తూ వస్తూ డాక్టరు ఎలక్ట్రీషియనుకు చేస్తున్న ఫోనులో జోక్యం చేసుకుని బ్రష్షు సైజు చెబుతున్నాడు, కిటికీ వైపు చూసి తోపువాడిని ఏదో కేకేస్తున్నాడు, గ్లాసు వైపు మాత్రం చూడటం లేదు. బెంచీ దగ్గరికి వచ్చేసరికి కాఫీ సగానికి సగం గిన్నెలో ఉంది.

"ఒలికింది మామా," అంది మధుమిత.

"ఒలకనీ అమ్మా," అన్నాడు ఆయన, గిన్నెలోది గ్లాసులోకి వంపుతూ. "వేడిగా ఉండాది, తాగు."